ఆకులు దూసిన ఆపిల్ చెట్టు

"చంపేశావు కదే! నిలువునా చంపేశావు!"

అమ్మ అరుపుకి వెనకింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటి కుక్క మొరగడం మానేసింది. ఆవిడ బడిలో వ్యాయామం టీచరుగా పనిచేసి రిటైరైంది గానీ, గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

పెరట్లో గోడ వారగా ఆపిల్ చెట్టు నిలబడి ఉంది. నిన్నటిదాకా గుబురుగా ఉన్న చెట్టుకి ఇవాళ ఒక్క ఆకు లేదు. కొమ్మలన్నీ బోడిగా, సిగ్గుపడుతున్నట్టు ఆకాశంలోకి చాచుకుని ఉన్నాయి. చెట్టు మొదట్లో ఆకుల కుప్ప. కుప్ప పక్కన, చేతులకి పసరు మరకలతో, కుక్కిన పేనులా పిచ్చుక.

పిచ్చుక ఆ ఇంటి ఆడపిల్ల. చిన్నప్పుడు బక్కగా ఉండి గలగలా మాట్లాడుతుందని పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ముప్ఫై దాటి, బజారులో కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తోంది. పేరు మాత్రం వదల్లేదు.

"చావలేదమ్మా. నిద్రపుచ్చాను."

"గుండు గీసి నిలబెట్టి నిద్రపుచ్చిందట! ఎవరికి చెప్తావే కథలు?"

"చలి ఉన్న చోట చలికాలం రాగానే ఆకు రాలి చెట్టు పడుకుంటుంది. లేచాకే పూస్తుంది. మన దగ్గర చలెక్కడిది? పడుకోవాలని దీనికి తెలియక ఇన్నేళ్ళూ ఆకులేస్తూనే ఉంది. ఆకు దూసేస్తే చలికాలం వచ్చిందనుకుంటుంది."

"అంటే, నోరులేని చెట్టుని మోసం చేశావన్నమాట."

"చేస్తే చేశాను. కాయ తినేటప్పుడు నువ్వా మాట అడగవులే."

అమ్మ ఇంకేదో అనబోయింది. ఇంతలో వంటింటి గుమ్మంలో కాఫీ కప్పుతో అన్నయ్య కనిపించాడు. ఆయన ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కోపం వచ్చినా అరవడు. ఆయన కోపం ఆయన గీసే గీతలాగే సన్నగా, తిన్నగా ఉంటుంది.

"ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారు?"

పుస్తకంలో చదివానంటే సరిపోయేది. షాపుకొచ్చిన ఎవరో చెప్పారన్నా నమ్మేవాడు. పిచ్చుక నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ ఆడిపోసుకునేవాళ్ళే. కానీ ఆ నోట అబద్ధం మాత్రం చచ్చినా రాదు.

"వదిన," అంది.

ఆ మాట ఆ ఇంట్లో వినపడి ఏళ్ళయింది. అమ్మ బట్టలుతికే బండ మీద మెల్లగా కూర్చుంది. వెనకింటి కిటికీ మూసుకుంది.

ఆ చెట్టు నాటిందీ వదినే. కాపరానికి వచ్చిన ఏడాదే, వేడినేలలో కూడా కాసే రకమని ఎక్కడినుంచో మొక్క తెచ్చి, గుంట తానే తవ్వుకుంది. ఆవిడ పశువుల డాక్టరు. మొక్క భుజమెత్తు ఎదిగేసరికి, మంచుకురిసే కొండ ఊరికి ఉద్యోగం మీద వెళ్ళింది. తర్వాత తిరిగి రాలేదు. ఆ తర్వాత విడాకులు వచ్చాయి.

"ఎన్నాళ్ళనుంచి మాట్లాడుతున్నావు?"

"మొదట్నుంచీ."

"నాకు తెలియకుండా."

"నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నయ్యా."

"ఆమెకీ ఈ ఇంటికీ సంబంధం తెగిపోయింది."

"తెంచుకుంది మీరిద్దరు. ఆ రోజు నన్నెవరు పిలిచారు, నన్నెవరు అడిగారు? నేను మా వదినకి విడాకులివ్వలేదు."

అన్నయ్య కప్పు గట్టు మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. అందుకే భయం వేసింది పిచ్చుకకి.

"ఆదివారం నేను చేసుకోబోయే ఆవిడ వస్తోంది," అన్నాడు. "మొదటిసారి వస్తోంది. ఇల్లు చూడటానికి, మిమ్మల్ని చూడటానికి. పెరట్లో ఈ మోడేమిటని అడిగితే ఏం చెప్పను? నా మొదటి భార్య ఫోనులో చెప్తే మా చెల్లెలు దూసిందని చెప్పనా?"

"చెప్పు. ఉన్న మాటేగా."

"శనివారం మనిషిని పిలిపిస్తాను. కొట్టేస్తాడు."

అంతవరకూ కళ్ళు తుడుచుకుంటున్న అమ్మ దిగ్గున లేచింది.

"ఏమిట్రా, కొట్టిస్తావా?"

"చచ్చిందని నువ్వేగా అన్నావు?"

"నేనంటాను! పొద్దున్నా సాయంత్రం నీళ్ళు మోసినదాన్ని, నా ఇష్టం, అంటాను. నువ్వనడానికి వీల్లేదు!"

అని, లోపల్నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా చెట్టు కింద వేసుకుని కూర్చుంది. నీడ ఒక్క పిసరు లేదు. ఎండ తిన్నగా మొహం మీద పడుతోంది.

"నీ పెళ్ళి నువ్వు చేసుకో, నీ విడాకులు నువ్వు తీసుకో. చెట్టు జోలికి ఎవడొస్తాడో రమ్మను, చూస్తాను."

అన్నయ్య లోపలికి వెళ్ళిపోయాడు. కాఫీ గట్టు మీదే చల్లారిపోయింది.

*

ఆ రోజు షాపులో పిచ్చుక చేతిలో ఒక పెద్దాయన అద్దం అంచు కాస్త ఎక్కువ అరిగింది. మళ్ళీ చేసింది.

ఈ స్నేహానికి మొదలు ఒక్క ఫోన్ కాల్. వదిన వెళ్ళిన మొదటి ఎండాకాలంలో ఆపిల్ ఆకుల అంచులు మాడాయి. పిచ్చుక హడలిపోయి ఫోన్ చేసింది. బాగున్నావా అని అడిగే ధైర్యం లేక, "వదినా, చెట్టు మాడుతోంది," అంది.

అవతల వదిన గొంతు వినిపించింది. "చెట్టు మొదట్లో ఎండుగడ్డి మందంగా పరిచెయ్యి. సాయంత్రం చల్లబడ్డాక నీళ్ళు పొయ్యి. మధ్యాహ్నం మాత్రం పొయ్యకు."

అంతే, ఆ రోజుకి.

ఆ తర్వాత చెట్టు తేరుకుందని చెప్పడానికో కాల్. పురుగు పట్టిందని ఇంకోటి. ఓసారి వదినే చేసి, ఆ ఊళ్ళో అన్నీ దొరుకుతాయి గానీ జామకాయ మాత్రం దొరకదని, కల్లో కూడా జామకాయే వస్తోందని చెప్పి నవ్వింది. పిచ్చుక ఊరుకుంటుందా? పెరటి జామకొమ్మకి అంటు కట్టి, వేళ్ళు దిగేదాకా కాపలా కాసి, తడిగుడ్డ చుట్టి, ఆ కొండ ఊరి పశువుల ఆస్పత్రికి మందులు తీసుకెళ్ళే వ్యానులో పంపించింది.

మంచులో జామా! విన్నవాళ్ళంతా నవ్వారట. వదిన నవ్వినవాళ్ళని నవ్వనిచ్చింది. కుండీని చక్రాల బల్ల మీద ఎక్కించి, పొద్దున తూర్పు కిటికీ దగ్గరికి, మధ్యాహ్నం పడమటి కిటికీ దగ్గరికి, ఎండ ఎటుంటే అటు తోసేది. చలి ముదిరినప్పుడు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల మీద వేలాడదీసే వెచ్చటి దీపంలో వాటా ఇచ్చేది. తనేమో రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని తిరిగేది. అంత చేసినా మొదటి ఏడు జామకి ఆకులన్నీ రాలిపోయాయి. పిచ్చుక ఫోనులో ఏడ్చింది.

"ఏడవకే. బెరడు గోరుతో గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది," అంది వదిన. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఎంత నిబ్బరం! విడాకుల కాగితం మీద సంతకం పెట్టిన వారమది. ఆ సంగతి పిచ్చుకకి చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు.

రెండో ఏడు పూసింది. పూత దులపడానికి తేనెటీగ లేదు కదా, చిన్న కుంచెతో పువ్వు పువ్వునీ వదినే తాకింది. ఒకే ఒక్క కాయ నిలిచింది. దాన్ని సన్నగా తరిగి, ఆస్పత్రికి గొర్రెల్ని తోలుకొచ్చిన వాళ్ళందరికీ తలా ఒక ముక్క పంచింది. ఒక ముసలాయన గింజలు కొరకలేక, ఉమ్మడానికి మనసొప్పక, రుమాల్లో కట్టుకుని పట్టుకెళ్ళాడట. తనకి మిగిలింది తొడిమ దగ్గర ముక్క. "అదే తియ్యగా ఉంది పిచ్చుకా," అని చెప్పింది.

ఇంత మాట్లాడుకున్నారు కదా, ఇన్నేళ్ళలో వదిన నోట అన్నయ్య మీద ఒక్క పుల్లవిరుపు మాట లేదు. అక్కడి చలి, ఇక్కడి ఎండ, మొగ్గ, చిగురు, చీమలు. అంతే. పిచ్చుక లోకంలో మంచివాళ్ళని చాలామందిని చూసింది గానీ, ఇంత నష్టపోయి ఇంత తేలిగ్గా నవ్వగల మనిషిని ఇంకెవర్నీ చూడలేదు.

మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి ఫోన్ మోగింది.

"దూశావా?"

"దూశాను వదినా."

"గొంతేమిటి అలా ఉంది? ఇంట్లో చెప్పే దూశావా?"

పిచ్చుక నీళ్ళు నమిలింది.

"చాటుగా దూశావన్నమాట."

"చెప్తే ఒప్పుకోరు కదా!"

"ఒప్పుకోకపోతే వచ్చే ఏడు దూసేదానివి. చెట్టుకేం తొందర? నాకోసం నువ్వు ఇంట్లో మాట పడొద్దు."

"నీకోసం ఎవరు పడ్డారు? నేను ఆపిల్ కాయ కోసం పడ్డాను."

అవతల వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసుకుని పిచ్చుక ఉన్న సంగతంతా కక్కేసింది. ఆదివారం వచ్చే మనిషి గురించి కూడా. చెప్పాక నాలుక కరుచుకుంది.

"ఏం చేస్తుంది ఆవిడ?"

"ఫిజియోథెరపీ. కాళ్ళూ చేతులూ విరిగిన వాళ్ళని మళ్ళీ నడిపిస్తుంది."

"అయితే ఓపికుంటుంది. మీ అన్నయ్యకి ఓపికున్న మనిషే కావాలి. నాకది తక్కువ." తర్వాత మెల్లగా అంది: "ఆవిడ చెట్టు సంగతి అడిగితే దాచకు పిచ్చుకా. నా పేరు చెప్పడానికి నాకేం నామోషీ లేదు."

*

శనివారం వచ్చింది. అమ్మ కుర్చీ చెట్టు కిందే ఉంది. అమ్మ నెత్తిన తువ్వాలు కప్పుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది. అన్నయ్య రెండుసార్లు కిటికీలోంచి తొంగిచూశాడు. చెట్టు కొట్టేవాణ్ణి పిలవనూ లేదు, పిలవనని చెప్పనూ లేదు.

ఆదివారం సాయంత్రం ఆవిడ వచ్చింది.

పొడుగ్గా, చురుగ్గా, చేతిసంచీ తప్ప ఆర్భాటమేమీ లేకుండా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అమ్మ నడక చూసింది.

"నొప్పి ఎడమ మోకాల్లో కదమ్మా?"

"నీకెలా తెలుసు తల్లీ?"

"కుడికాలి మీద బరువంతా వేస్తున్నారు. ఇలా కూర్చోండి, చూస్తాను."

టీ పెట్టేలోపల అమ్మ సగం కరిగిపోయింది. పిచ్చుక మొహం బిగించుకుని ఉందామనుకుంది గానీ, ఆవిడ అమ్మ మోకాలిని అంత జాగ్రత్తగా పట్టుకోవడం చూసి ఆ బిగింపు నిలవలేదు. చెడ్డ మనిషైతే బాగుండేదనిపించింది. కోపం తెచ్చుకోవడం సులువయ్యేది.

అన్నయ్య ఇల్లు చూపించాడు. ప్లాను వివరిస్తున్నట్టే చూపించాడు. ఇది పడమటి గది, ఇక్కడ వెలుతురు ఎక్కువ, ఈ గోడ తర్వాత కట్టింది. పెరటి తలుపు మాత్రం పొద్దున్నే గడియ పెట్టేశాడు.

"ఆ తలుపు ఎటు?" అందావిడ.

"పెరట్లోకి. చూడ్డానికేం లేదు."

"నాకు పెరళ్ళంటే ఇష్టం," అని తానే గడియ తీసింది.

సాయంత్రపు ఎండలో చెట్టు మోడుగా నిలబడి ఉంది. కింద ఖాళీ కుర్చీ.

"అయ్యో, ఎండిపోయిందా?"

"అవును," అన్నాడు అన్నయ్య.

"లేదు," అంది పిచ్చుక.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ ఒకసారి అన్నని, ఒకసారి చెల్లెల్ని చూసింది. పెదవి చివర చిన్న నవ్వు.

"ఇద్దర్లో ఒకరు చెప్పండి. ఎండిందా, లేదా?"

పిచ్చుక చెప్పింది. చలికాలం సంగతి, నిద్ర సంగతి, ఆకులు దూసిన సంగతి. చెప్తూ చెప్తూ భయం మర్చిపోయి, చేతులు తిప్పుతూ, పూత ఎలా ఉంటుందో కూడా చెప్పింది. ఆవిడ ఆసక్తిగా విని, కొమ్మ కొసన బుడిపెని వేలితో ముట్టుకుంది.

"భలే ఉంది! ఇదంతా మీకెవరు నేర్పారు?"

"మా వదిన."

"ఏ వదిన?"

"నాకున్నది ఒక్కతే."

అమ్మ టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోనే ఉండిపోయింది. అన్నయ్య మెడ ఎర్రబడింది.

ఆవిడ కొమ్మ వదిలేసింది గానీ అక్కణ్ణించి కదల్లేదు.

"వెళ్ళిపోయిన మనిషి మాట మీద ఇంత చెట్టుకి ఒక్కో ఆకూ దూశారా మీరు?"

"వెళ్ళిన మనిషి మాట ఎప్పుడూ తప్పు కాలేదండీ."

ఆవిడ అన్నయ్య వైపు తిరిగింది.

"మీరు నాతో ఆవిడ వెళ్ళిపోయిందన్నారు."

"అవును. వెళ్ళిపోయింది."

"అంతే చెప్పారు. అంతకు మించి నేనడగలేదు. తప్పు నాదే." ఆ మాటలో వెటకారం లేదు. "నేను ఆవిడతో ఓసారి మాట్లాడచ్చా? ఈ చెట్టు గురించి."

"ఇప్పుడా?" అన్నాడు అన్నయ్య.

"చెయ్యవే పిచ్చుకా," అంది అమ్మ గుమ్మంలోంచి. ఆ గొంతు ఎప్పట్లా లేదు. "నేనూ విని చాలా రోజులైంది."

పిచ్చుక ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, అమ్మ కుర్చీ మీద ఉంచింది. రెండు మోతలకే వదిన ఎత్తింది. వెనకాల గొర్రెల అరుపులు.

"ఏంటే, అప్పుడే మొగ్గ కనిపించిందా?"

"కాదు వదినా. ఆవిడ... ఇంటికొచ్చారు. నీతో మాట్లాడతారట. అందరం ఇక్కడే ఉన్నాం."

"ఇవ్వు," అంది వదిన.

"నమస్కారమండీ. మీ చెట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పూస్తుందంటారా?"

"పూస్తుందని మాటివ్వలేనండీ. అది పుట్టిన చోటు వేరు, ఉన్న చోటు వేరు. వారం పది రోజులు ఎండగట్టి, తర్వాత తడిపితే లేస్తుందని ఆశ. లేవకపోతే మా పిచ్చుకని ఏమనకండి. అనాల్సింది నన్ను."

"ఎవరూ ఏమీ అనరు." ఆవిడ తల వంచి, కుర్చీ చేతిని పట్టుకుంది. "ఇంకొకటి అడగనా? నాకు అడిగే హక్కుందో లేదో తెలియదు. మీరెందుకు వెళ్ళిపోయారు?"

పిచ్చుక ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోటిదాకా తెచ్చుకోని ప్రశ్న అది. అవతల ఒక గొర్రె అరిచింది. ఎవరో దాన్ని అదిలించారు.

"అది ఆయన్నే అడగండి," అంది వదిన. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అడిగితే చెప్తారు, అడక్కపోతే చెప్పరు. నేను అడగడం మరీ ఆలస్యం చేశాను. మీరు ముందే అడగండి. అత్తయ్యా, మోకాలు ఎలా ఉంది?"

"ఉందమ్మా," అంది అమ్మ.

ఆవిడ నిటారుగా నిలబడి అన్నయ్యకి ఎదురుగా తిరిగింది.

"అడుగుతున్నాను," అంది.

"టీ చల్లారిపోతోంది, లోపలికొచ్చి..." అంటూ అమ్మ అడుగు ముందుకేసింది.

"నువ్వుండమ్మా," అన్నాడు అన్నయ్య.

బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పిచ్చుకకి ఇక్కడ తన అవసరం లేదనిపించి, కాల్ ఆపడానికి ఫోన్ మీదికి వంగింది.

"ఆగు," అన్నాడు. ఆ మాట చెల్లెలికి. తర్వాతి మాట ఎవరికో తెలియడానికి అందరికీ ఒక క్షణం పట్టింది. ఆయన ఫోన్ వైపే చూస్తున్నాడు.

"నువ్వు పెట్టెయ్యకు. నేను చెప్తాను. ఎక్కడైనా తప్పితే నువ్వు దిద్దు."

అవతల తలుపు మూసిన చప్పుడు. గొర్రెల అరుపులు ఆగిపోయాయి. నేల మీద కుర్చీ లాగిన చప్పుడు.

"ఊఁ," అంది వదిన. "చెప్పండి. వింటున్నాను."